డక్టు కడిగితే గాలి బాగుపడుతుందా? సీమ ఇళ్ళలో దుమ్ము నడిచే దారి

గదులకు గాలిని చేర్చే రేకు గొట్టం, అంటే డక్టు లోపల దుమ్ము ఉండటం వేరు, ఆ దుమ్ము లేచి గదిలోకి రావడం వేరు. పొడిగా, నున్నగా ఉన్న జీఐ (జింకు పూత వేసిన ఇనుప) రేకు మీద పల్చగా పేరుకున్న మట్టి ఏళ్ళ తరబడి అక్కడే పడి ఉంటుంది. గాలి దాని పైనుంచి వెళ్ళిపోతుంది. ఇంటి డక్టులు శుభ్రం చేయిస్తే ఆరోగ్య సమస్యలు ఆగుతాయని ఇంతవరకూ రుజువు కాలేదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సూటిగానే చెప్పింది. ఏటా అలవాటుగా చేయించే పని కాదని, మూడు సందర్భాల్లో మాత్రం ఆలోచించాలని దాని సలహా: లోపల బూజు కంటికి కనిపిస్తున్నప్పుడు, ఎలుకలో పురుగులో కాపురం పెట్టినప్పుడు, గ్రిల్లులోంచి గదిలోకి రాలేంతగా దుమ్ము నిండినప్పుడు.

ఆ సలహా రాసింది అక్కడి ఇళ్ళను చూసి. తలుపులూ కిటికీలూ బిగించి ఏడాది పొడుగునా లోపలి గాలినే తిప్పుకునే ఇళ్ళవి. కర్నూలు, అనంతపురం, కడప ఇళ్ళ లెక్క అది కాదు. ఇక్కడ ఎండాకాలం కూలర్ బయటి గాలినే లోపలికి తోస్తుంది. ఆషాఢంలో దుమ్ము పిలవకుండానే వస్తుంది. బోరు నీళ్ళు వాటి వంతు ఉప్పు తెస్తాయి. కాబట్టి డక్టు శుభ్రత గురించి ఇక్కడ మాట్లాడాలంటే డాబా మీది డక్టు కూలర్, గోడకున్న స్ప్లిట్ ఏసీ, వంటింటి చిమ్నీ గొట్టం, ఫాల్స్ సీలింగ్ పైన దాగి డక్టుల గుండా గదులకు చల్లగాలి పంపే డక్టబుల్ ఏసీ, ఈ నాలుగింటి గురించీ మాట్లాడాలి. నాలుగింటిలోనూ చెడు మొదలయ్యే తీరు ఒకటే. దుమ్ము వస్తుంది, దానికి తడో జిడ్డో తగులుతుంది, అతుక్కుంటుంది. ఆ తడిని, జిడ్డును, దుమ్ము చొరబడే సందును వదిలేసి గొట్టాన్ని మాత్రం కడిగిస్తే మూడు నెలలకు మళ్ళీ అదే కథ.

దుమ్ము ఎక్కడిది

2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం పరిధిలో ఈ మూడు నగరాలూ ఉన్నాయి. గాలి ప్రమాణాలను అందుకోలేని నగరాలకే ఆ జాబితాలో చోటు. మన దేశ ప్రమాణం ప్రకారం పీఎం 10, అంటే 10 మైక్రాన్ల లోపు ధూళి, ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున 60 మైక్రోగ్రాములు దాటకూడదు. పీఎం 2.5 అయితే 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దులు ఇంకా చాలా కింద ఉన్నాయి: పీఎం 10కి 15, పీఎం 2.5కి 5. సీమలో ఇబ్బంది ప్రధానంగా ముతక ధూళితోనే. ముతక ధూళికి ఒక సుగుణం ఉంది, అది జాలీకీ తడిగుడ్డకూ గడప దగ్గరి పట్టాకూ దొరుకుతుంది. పీఎం 2.5 వీటిలో దేనికీ సరిగా చిక్కదు.

ఊరిని బట్టి దుమ్ము గుణం మారుతుంది. తాడిపత్రి, బేతంచెర్ల చుట్టుపక్కల బండలు కోసి పాలిష్ పట్టిన బురద ఎండి, లారీ చక్రాల కింద నలిగి, బూడిదరంగు పొడిగా లేస్తుంది. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, థర్మల్ కేంద్రం, వాటి లారీలు. బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు దగ్గర హగరి ఏటి ఇసుక దిబ్బలు గాలికి పొలాల మీదికి జరుగుతూ వస్తాయి. కర్నూలు నుంచి గుత్తి మీదుగా అనంతపురం పోయే 44వ నంబరు రహదారి పక్క కాలనీల్లో మట్టితో పాటు డీజిల్ మసీ టైరు పొడీ కలిసి ఉంటాయి. శుభ్రం చేసే పద్ధతి కూడా దీన్ని బట్టే మారాలి. ఎర్రమట్టి నీళ్ళు తగిలితే జారిపోతుంది. సున్నపురాయి పొడి తడిసి ఆరితే పెచ్చు కడుతుంది, సిమెంటు దుమ్ము గట్టిపడుతుంది. వీటిని ముందు పొడిగా దులిపి, వాక్యూమ్‌తో లాగి, ఆ తర్వాతే నీళ్ళు తగలనివ్వాలి. మసి నీళ్ళకు లొంగదు, సబ్బు కావాలి.

ఇంట్లో పుట్టేది ఇంకొంత ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 2003లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఒక దోమల కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే పీఎం 2.5 ధూళి 75 నుంచి 137 సిగరెట్లకు సమానం. సాంబ్రాణి, అగరుబత్తి, మాడిన తాలింపు కూడా ఆ కోవలోవే. వేలు పోసి డక్టులు కడిగించి, రాత్రికి తలుపులు బిగించి కాయిల్ ముట్టించే ఇంట్లో ఆ ఖర్చుకు అర్థం లేదు.

డాబా మీది డక్టు కూలర్

పొడి వేడికి కూలర్ చేసే మేలు ఏసీకి తీసిపోదు. 42 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం ఉన్న ఏప్రిల్ మధ్యాహ్నం, మంచి ప్యాడ్లున్న కూలర్ లోంచి వచ్చే గాలి దాదాపు 28 డిగ్రీల దగ్గర ఉంటుంది. కానీ అది బయటి గాలి. గదిలోకి వచ్చినంత గాలి బయటికి పోవడానికి దారి ఉండాలి. నిమిషానికి 1000 ఘనపుటడుగుల గాలికి 1 నుంచి 2 చదరపు అడుగుల మేర కిటికీ తెరిచి పెట్టాలి. కిటికీలు మూస్తే గది చెమ్మగిల్లుతుంది, గోడల మూలల్లో, బీరువా వెనక బూజు పుడుతుంది. దుమ్ము వస్తుందని కిటికీ మూసేవాళ్ళు ఇక్కడే పొరపడతారు. కూలర్ నడుస్తున్నంతసేపు గదిలో గాలి ఒత్తిడి బయటికన్నా కొంచెం ఎక్కువగా ఉంటుంది కాబట్టి, తెరిచిన ఆ కిటికీలోంచి గాలి బయటికే పోతుంది. దుమ్ము వచ్చేది కూలర్ ప్యాడ్ల గుండానే.

తడి ప్యాడ్ ముతక ధూళిని కొంత పట్టుకుంటుంది. పట్టుకున్న దుమ్మూ నీళ్ళలోని ఉప్పూ రెండూ చివరికి తొట్టిలో చేరతాయి. ఆవిరయ్యేది నీళ్ళు మాత్రమే, ఉప్పు ఎక్కడికీ పోదు. లీటరుకు 1000 మిల్లీగ్రాముల లవణాలున్న బోరు నీళ్ళు 60 లీటర్లు ఆవిరైతే 60 గ్రాముల ఉప్పు మిగిలిపోతుంది. ఖాళీ అయినకొద్దీ నీళ్ళు పోస్తూ పోతే వారం తిరిగేసరికి తొట్టిలో ఉన్నవి నీళ్ళు కావు, ఉప్పు ద్రావణం. అది ప్యాడ్ సందుల్లో తెల్లగా గడ్డకడుతుంది, గాలి దారి మూసుకుంటుంది, ప్యాడ్ కొంత మేర ఎండిపోతుంది. ఎండిన చోటి నుంచి వేడి గాలీ దుమ్మూ నేరుగా వస్తాయి. కూలర్ చల్లగా కొట్టడం లేదని మోటారు మార్పించే ముందు ప్యాడ్ల మీద తడి అంతటా సమానంగా ఉందా అని చూడాలి. చాలాసార్లు తప్పు పైనున్న నీటి గొట్టం రంధ్రాలు పూడుకుపోవడంలో ఉంటుంది. సన్నటి మేకుతో పొడిస్తే సరిపోతుంది.

తొట్టి నీళ్ళను రెండు మూడు రోజులకొకసారి పూర్తిగా వదిలేయాలి. వారానికొకసారి తొట్టి గోడలను పీచుతో రుద్ది ఎండనివ్వాలి. రుద్దడం ఎందుకంటే డెంగీ దోమ గుడ్లు నీళ్ళలో కాదు, నీటి మట్టానికి కాస్త పైన గోడకు అంటుకుని ఉంటాయి. ఎండినా నెలల తరబడి బతుకుతాయి. నీళ్ళు పారబోస్తే పిల్ల పురుగులు పోతాయి, గుడ్లు పోవు. ఉప్పు పెచ్చుకు నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, మంచి మందు. లీటరు గోరువెచ్చని నీళ్ళకు 50 గ్రాములు కలిపి, పెచ్చు మీద పోసి అరగంట వదిలి రుద్దాలి. బాత్రూము యాసిడ్ వాడకూడదు. అది పెచ్చుతో పాటు జీఐ రేకు మీది జింకు పూతను కూడా తినేస్తుంది, మరుసటి ఏటికి తొట్టి కారుతుంది. బ్లీచింగ్ పౌడరు వాడదలచుకుంటే అది వేరే రోజు. యాసిడ్, నిమ్మ ఉప్పు, వెనిగర్ వీటిలో ఏది బ్లీచింగ్‌తో కలిసినా క్లోరిన్ వాయువు పుడుతుంది.

ఇక డక్టు. డాబా మీద నుంచి హాల్లోకి దిగే రేకు గొట్టం ఏడాదిలో మూడు నాలుగు నెలలే పని చేస్తుంది. మిగతా ఎనిమిది నెలలు నోరు తెరుచుకుని ఉంటుంది. అసలు దుమ్ము ఆ ఎనిమిది నెలల్లోనే పడుతుంది, అందులోనూ కూలర్ ఆపేసిన జూన్, జూలై, ఆగస్టు గాలుల్లో. ఏటా మార్చిలో కడిగించే ఖర్చు కంటే, జూన్‌లో కూలర్ ఆపిన రోజే డక్టు మెడలో ఒక షట్టరు రేకు జారవిడవడం మేలు. షట్టరు లేని పాత డక్టులకు ఫ్యాన్ పెట్టెను మందపాటి ప్లాస్టిక్ షీటుతో కప్పి తాడు బిగించవచ్చు. ప్యాడ్లు మాత్రం లోపల ఉంచకూడదు. తీసి, ఎండబెట్టి, ఇంట్లో పెట్టాలి. కడపలో ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు, నవంబరులో పడతాయి. తడిసిన గడ్డి ప్యాడ్లు కూలర్ లోనే ఉంటే సంక్రాంతికల్లా నల్లటి బూజు పడతాయి, మార్చిలో స్విచ్ వేయగానే ఆ వాసన ఇల్లంతా నిండుతుంది. గడ్డి ప్యాడ్లను ఏటా మార్చాల్సిందే. తేనెపట్టు ప్యాడ్లు మంచి నీళ్ళకు మూడు నాలుగు వేసవులు వస్తాయి, ఉప్పు బోరుకు అంత ఆశ పెట్టుకోవద్దు.

సీజను మొదట్లో డక్టు శుభ్రం చేసేటప్పుడు వరస ముఖ్యం. ముందు ప్లగ్గు పీకాలి. స్విచ్ ఆపితే చాలదు, ఇనుప కూలర్ కు తడి తగిలి కరెంటు కొట్టిన ప్రమాదాలు కొత్త కాదు. గదుల్లోని గ్రిల్లులన్నీ విప్పి, వాటి నోళ్ళకు ప్లాస్టిక్ కవరు, టేపు బిగించాలి. హాల్లో సోఫా మీద దుప్పటి కప్పాలి. ఆ తర్వాత డాబా మీద నుంచి కిందికి, గుండ్రటి పొడుగు కుంచెతో దులుపుకుంటూ రావాలి. కింది నుంచి పైకి రుద్దితే దులిపినదంతా మొహం మీదే పడుతుంది. మడత దగ్గర మట్టి ఎక్కువగా నిలుస్తుంది, ఎందుకంటే గాలి మలుపు తిరిగేటప్పుడు బరువైన రేణువులు తిరగలేక గోడకు తగిలి రాలుతాయి. అక్కడ వాక్యూమ్ గొట్టం పెట్టి లాగాలి. పైపుతో నీళ్ళు కొట్టడం పెద్ద తప్పు. అతుకుల్లోంచి నీళ్ళు స్లాబులోకి దిగుతాయి, తడిసిన మట్టి మూలల్లో గడ్డకడుతుంది, రేకు తుప్పు పడుతుంది. పిండిన తడిగుడ్డ చేతికి అందినంత వరకు చాలు. ఫ్యాన్ రెక్కల మీది మట్టి కూడా తుడవాలి. ఒక రెక్కకు ఎక్కువ, ఒక రెక్కకు తక్కువ పట్టి ఉంటే ఫ్యాన్ అదురుతుంది, ఆ అదురుకు ఫ్యాన్‌కూ డక్టుకూ మధ్యనున్న క్యాన్వాస్ గుడ్డ చిరుగుతుంది. ఎండకు చీకిపోయిన క్యాన్వాస్ సందే దుమ్ముకు అడ్డదారి, ప్యాడ్లు ఎంత మంచివైనా ఫలితం ఉండదు. చివర్లో ప్యాడ్లు పెట్టకముందే గ్రిల్లు నోటికి పాత నూలు చీర కట్టి పది నిమిషాలు ఫ్యాన్ తిప్పితే మిగిలిన పొడి అందులో పడుతుంది.

స్ప్లిట్ ఏసీ

దీనికి డక్టు లేదు, కానీ లోపల గాలి నడిచే దారి ఉంది: జాలీ, గాలిని చల్లబరిచే కాయిల్, గాలిని తోసే రోలరు లాంటి పొడవాటి బ్లోయర్, నీళ్ళు పడే ట్రే. జాలీని మార్చి నుంచి ఆగస్టు దాకా రెండు వారాలకొకసారి కడగాలి. రోడ్డు పక్క ఇళ్ళయితే వారానికే. మామూలు నీళ్ళు చాలు, వేడి నీళ్ళకు ప్లాస్టిక్ చట్రం వంకర పోతుంది. ఆరబెట్టేది నీడలోనే. ఆ జాలీ పట్టేది నూగు, వెంట్రుకలు, ముతక మట్టి మాత్రమే. పీఎం 2.5 దాని గుండా తాపీగా వెళ్ళిపోతుంది. ఏసీ ఉంది కాబట్టి గాలి శుభ్రంగా ఉందనుకోవడానికి లేదు.

ఏసీ వేసిన మొదటి అయిదు నిమిషాలు పులిసిన వాసన వస్తోందంటే బ్లోయర్ రెక్కల మీద బూజు ఉన్నట్టు. టార్చి వేసి గాలి వచ్చే నోట్లోకి చూస్తే నల్లటి చుక్కలు కనిపిస్తాయి. జాలీ కడిగితే అది పోదు, కాయిల్‌కూ బ్లోయర్‌కూ జెట్ పంపుతో సర్వీసు చేయించాలి. మెకానిక్ కింద సంచీ కట్టాడా, కుడివైపు సర్క్యూట్ బోర్డును ప్లాస్టిక్‌తో చుట్టాడా, నీటి ధారను ఫిన్స్ (కాయిల్ మీది పల్చటి రేకులు) వెంబడి నిలువునా కొడుతున్నాడా, అడ్డంగా కొట్టి వాటిని వంచేస్తున్నాడా అని చూడాలి. వంగిన ఫిన్స్ గాలిని ఆపుతాయి. ట్రే గొట్టం వాలు తప్పితే నీళ్ళు ట్రేలో నిలిచి మళ్ళీ బూజే. చెంబుడు నీళ్ళు ట్రేలో పోసి బయట ఎంతసేపట్లో కారుతున్నాయో చూస్తే తెలిసిపోతుంది. రాత్రి ఏసీ ఆపే ముందు ఇరవై నిమిషాలు ఫ్యాన్ మోడ్‌లో నడిపితే కాయిల్ ఆరుతుంది. బూజు రాకుండా ఉండటానికి ఇంతకన్నా చౌకైన ఉపాయం లేదు.

కాయిల్ మీద మంచు పడితే వెంటనే గ్యాస్ తగ్గిందనే మాట వినిపిస్తుంది. తగ్గి ఉండవచ్చు, కానీ మట్టి పట్టిన కాయిల్ మీదా మంచు పడుతుంది, గాలి ఆడక. శుభ్రం చేసిన తర్వాత కూడా మంచు పడితేనే గ్యాస్ మాట. మూసి ఉన్న వ్యవస్థలో గ్యాస్ వాడకంతో తరగదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. కారే చోటు పట్టకుండా ఎక్కించిన గ్యాస్ మళ్ళీ పోతుంది.

స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు. 10 అడుగులు, 12 అడుగుల గదిలో, 10 అడుగుల ఎత్తుంటే 34 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. నిద్రపోతున్న ఇద్దరు గంటకు దాదాపు 28 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. సందులన్నీ బిగిస్తే గంటకు 800 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో 800 పాళ్ళు) చొప్పున పెరుగుతుందన్నమాట. తెల్లవారి తలనొప్పికి, మబ్బుగా ఉండటానికి ఇది ఒక కారణం కావచ్చు. పక్క గదిలోకి తలుపు వేలెడు తెరిచి పెడితే లెక్క మారుతుంది. దుమ్ము తక్కువగా ఉండే తెల్లవారుజామున కిటికీలన్నీ పావుగంట బార్లా తీస్తే ఇంకా మంచిది. ఉబ్బసం ఉన్నవాళ్ళ గదికి ఎయిర్ ప్యూరిఫైయర్ కొంటే, ఈ 34 ఘనపు మీటర్లను గంటకు అయిదుసార్లు తిప్పే బలం, అంటే గంటకు కనీసం 170 ఘనపు మీటర్ల శుద్ధ గాలి ఇచ్చేది చూసుకోవాలి. కూలర్ నడిచే గదిలో అది పెట్టడం దండగ, బయటి గాలి ఉరికి వస్తుంటే అది ఏ మూలకు సరిపోదు.

చిమ్నీ గొట్టం

వంటింటి గొట్టమే అన్నింటికన్నా తొందరగా మురికవుతుంది. ఉగ్గానికి తాలింపు పెట్టి, పక్క పొయ్యి మీద మిరపకాయ బజ్జీలు వేస్తే లేచే నూనె ఆవిరి గొట్టంలోకి వెళ్ళి చల్లబడి గోడలకు అంటుకుంటుంది. బయటి నుంచి వచ్చిన మట్టి దాని మీద పడుతుంది. రెండూ కలిసి బండి ఇరుసుకు పట్టిన కందెనలా తయారవుతాయి. నిప్పు అంటుకుంటే ఆర్పడం కష్టం.

పొగ సరిగా లాగడం లేదంటే మోటారును తప్పుపట్టే ముందు గొట్టాన్ని చూడాలి. చిమ్నీ నోరు 6 అంగుళాలు, గోడ రంధ్రం 4 అంగుళాలు ఉన్న ఇళ్ళు కోకొల్లలు. వ్యాసం 6 నుంచి 4కు తగ్గితే గాలి దారి 44 శాతానికి పడిపోతుంది. ముడతల అల్యూమినియం గొట్టాన్ని పూర్తిగా లాగి బిగించకుండా వదులుగా వదిలేస్తే ప్రతి ముడతలో నూనె నిలుస్తుంది. మలుపులు రెండుకు మించకూడదు. బయటి నోటికి వెనక్కి గాలి రాకుండా పడే రెక్క మూత ఉండాలి. లేకపోతే ఆషాఢం గాలి చిమ్నీ గుండా వంటింట్లోకి దూరుతుంది, పావురాలు గూడు కడతాయి.

స్టీలు బాఫిల్ ఫిల్టర్లను మరిగే నీళ్ళలో చాకలి సోడా, కాస్త సబ్బు వేసి అరగంట నానబెడితే జిడ్డు వదులుతుంది. అల్యూమినియం జాలీ ఫిల్టర్లకు సోడా పనికిరాదు, నల్లబడి పాడవుతాయి. కాస్టిక్ సోడా అయితే అల్యూమినియాన్ని కరిగించి హైడ్రోజన్ వాయువు పుట్టిస్తుంది. వాటికి సబ్బు, వేడి నీళ్ళే. అల్యూమినియం గొట్టాన్ని లోపల కడగాలని చూడటం అనవసరం, రుద్దితే చిరుగుతుంది. జిడ్డు పేరుకుంటే కొత్తది వేయించడమే. ఖరీదూ పెద్దది కాదు.

చిమ్నీ లాగిన గాలికి బదులు గాలి ఎక్కడి నుంచో రావాలి. కిటికీలన్నీ మూసి నడిపితే బాత్రూము జాలీల నుంచి, కంపును ఆపే నీళ్ళు ఎండిపోయిన గొట్టం మడతల గుండా కంపు లాక్కొస్తుంది. ఇంట్లో గ్యాస్ గీజరు ఉంటే ఇది కంపుతో ఆగదు, దాని పొగ బయటికి పోకుండా వెనక్కి తిరిగి కార్బన్ మోనాక్సైడ్ లోపల నిలవవచ్చు. దానికి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. వంటింట్లో ఒక కిటికీ జానెడు తెరిచే ఉండాలి. గ్యాస్ గీజరును బాత్రూము లోపల పెట్టకూడదు.

ఫాల్స్ సీలింగ్ పైన డక్టబుల్ ఏసీ

డక్టు శుభ్రత అనే మాట అచ్చంగా వర్తించేది దీనికే. అవసరమా అని తేల్చుకోవడానికి మనిషిని పిలవనక్కర్లేదు. గది గాలిని తిరిగి ఏసీలోకి పీల్చే రిటర్న్ గ్రిల్లు విప్పి, ఫోన్ లైటు వేసి, చేయి లోపలికి పెట్టి ఫోటోలు తీయండి. రేకు మీద వేలితో గీస్తే గీత పడేంత పొడి దుమ్ము ఉంటే అది సహజం. బొచ్చులా లేచిన పొర, తడి మరకలు, ఎలుక పెంటికలు, నల్లటి మచ్చలు ఉంటే శుభ్రం చేయించాలి. లేజర్ ధూళి మీటరు ఉంటే ఏసీ వేయకముందు ఒకసారి, వేసిన పది నిమిషాలకు గ్రిల్లు కింద ఒకసారి కొలవాలి. అంకె పెరిగితే డక్టులోంచో రిటర్న్ సందులోంచో దుమ్ము వస్తున్నట్టు. కూలర్ దగ్గర మాత్రం ఈ మీటరు మాట నమ్మకూడదు, నీటి తుంపరలను కూడా ధూళిగానే లెక్కపెడుతుంది.

ఈ ఇళ్ళలో అసలు దోషి తరచు రిటర్న్ వైపు ఉంటుంది. రిటర్న్‌కు విడిగా గొట్టం వేయకుండా ఫాల్స్ సీలింగ్ పైనున్న ఖాళీనే గాలి దారిగా వాడతారు, ఖర్చు తగ్గుతుందని. ఆ ఖాళీలో కట్టుబడి నాటి సిమెంటు పొడి, జిప్సం ముక్కలు, బల్లి రెట్టలు, వైర్ల కోసం గోడలకు కొట్టిన రంధ్రాలు ఉంటాయి. బ్లోయర్ వాటన్నింటి మీద నుంచి గాలిని పీల్చి కాయిల్ మీదికి తోస్తుంది. గదులకు చల్లగాలి తెచ్చే సప్లయి డక్టు ఎన్నిసార్లు శుభ్రం చేయించినా ఈ ఖాళీని ఊడ్చి, రంధ్రాలు మూసి, వీలైతే రిటర్న్‌కు విడి డక్టు వేయించకపోతే లాభం లేదు.

పని తెలిసినవాళ్ళు చేసే పద్ధతి ఇది. యూనిట్ కరెంటు ఆపేస్తారు. గదుల గ్రిల్లులన్నీ మూస్తారు. ప్రధాన డక్టుకు పెద్ద ఫ్యాన్, అతి సన్న ధూళిని కూడా పట్టే హెపా ఫిల్టరు ఉన్న యంత్రాన్ని బిగించి లోపలి గాలిని లాగుతూ ఉంచుతారు. లోపల ఒత్తిడి తగ్గడం వల్ల లేచిన దుమ్ము గదిలోకి రాకుండా యంత్రంలోకి పోతుంది. అప్పుడు ఒక్కో గ్రిల్లు తెరిచి తిరిగే కుంచెనో, గాలి కొట్టే కొరడా గొట్టాన్నో పంపి, దూరపు కొస నుంచి యంత్రం వైపుకు దులుపుతూ వస్తారు. డక్టు తర్వాత బ్లోయర్, కాయిల్, నీళ్ళ ట్రే, చివరికి గ్రిల్లులు. కాయిల్, ట్రే వదిలేసి డక్టు ఒక్కటే చేస్తే ఆ పనికి విలువ లేదు, బూజు పుట్టేది తడి ఉన్న చోటే కదా. ఒక మనిషి మామూలు వాక్యూమ్ క్లీనరుతో వచ్చి గంటలో ముగించి పోతే గ్రిల్లు నుంచి రెండడుగుల మేర శుభ్రమవుతుంది, అంతే.

మెత్తటి మడత గొట్టాల్లో కుంచె తిప్పకూడదు, లోపలి పొర చిరిగి గ్లాస్ ఊలు (గాజు పీచు) గదిలోకి వస్తుంది. అవి మురికైతే మార్చాలి. డక్టు లోపలి వైపు గ్లాస్ ఊలు అంటించి ఉండి, అది తడిసి బూజు పడితే కడిగి బాగు చేయడం అయ్యే పని కాదు, పీకేయాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినట్టు ఇల్లు నీళ్ళలో మునిగినా ఇదే మాట: రేకును కడిగి వాడుకోవచ్చు, నీళ్ళు తాగిన ఊలును, పీచును వాడకూడదు. బూజును చంపుతుందని డక్టులోకి మందు పొగ పట్టడం, సువాసన పిచికారీ కొట్టడం, ఓజోన్ యంత్రం పెట్టడం ఒప్పుకోవద్దు. చచ్చిన బూజు కూడా అలర్జీ తెస్తుంది, మందు మాత్రం ఊపిరిలోకి పోతుంది.

అతుకులకు గుడ్డ టేపు వాడితే సీమ ఎండకు రెండేళ్ళలో జిగురు ఎండి ఊడుతుంది. అల్యూమినియం రేకు టేపో, కుంచెతో పూసే మాస్టిక్ జిగురో వాడాలి. ఫిల్టరు విషయంలో అత్యాశ వద్దు. ఫిల్టరు ఎంత సన్న ధూళిని పట్టగలదో చెప్పే కొలత మెర్వ్. మెర్వ్ 13 ఫిల్టరు సన్న ధూళిని బాగా పడుతుంది, కానీ చిన్న బ్లోయర్ దాని గుండా లాగలేదు. గాలి తగ్గి కాయిల్ మీద మంచు పడుతుంది. యూనిట్ తట్టుకోగలదని తయారీదారు చెబితేనే 13, లేకపోతే 8 దగ్గర ఆగడం మంచిది. ఏదైనా సరే, చట్రం చుట్టూ సందు ఉంటే గాలి ఫిల్టరును తప్పించుకుని ఆ సందులోంచే పోతుంది. చట్రం అంచుకు ఫోమ్ పట్టీ అంటించాలి.

కొత్తగా ఇల్లు కట్టేవాళ్ళకు ఈ తంటాలో సగం తప్పుతుంది, డ్రాయింగ్ మీద నాలుగు గీతలు ముందే పడితే. డక్టు ప్రతి మలుపు దగ్గర అడుగు కొలత మూత ఒకటి ఉండాలి, దాని కింద ఫాల్స్ సీలింగ్‌లో తెరిచే పలక ఉండాలి. మూత పెట్టి పలక మరిచిపోతే సీలింగ్ పగలగొట్టాలి. డాబా కూలర్ ను నైరుతి గాలికి ఎదురుగా కాక, వీలైతే ఈశాన్యం వైపు పిట్టగోడ చాటున పెట్టాలి. చిమ్నీ నోరు, బాత్రూము ఎగ్జాస్ట్ నోరు దానికి కనీసం పది అడుగుల దూరంలో ఉండాలి, లేకపోతే వంటింట్లోంచి పోయిన పొగే హాల్లోకి తిరిగి వస్తుంది. కట్టుబడి సాగినంత కాలం డక్టు నోళ్ళన్నీ ప్లాస్టిక్‌తో మూసి ఉంచమని మేస్త్రీకి చెప్పాలి. బండలు కోసి పాలిష్ పట్టే పని, గోడలకు లప్పం రుద్దే పని పూర్తయ్యాకే వాటిని విప్పాలి. ఏసీ పరీక్షకు నడపడం కూడా ఆ తర్వాతే.